పటమట ఇంటి కిరణాల గడియారం

ఇస్లాంపేటలో గడియారాల ఇమామ్ ఇల్లెక్కడని అడిగితే చిన్నపిల్లలు కూడా చెయ్యి చాపి చూపించేవారు. చూపించి ఊరుకోక, "లోపలికెళ్తే చెవులు మూసుకోండి" అని సలహా కూడా ఇచ్చేవారు. రెండు గదుల పెంకుటిల్లు. ముందు గదిలో మూడు గోడల నిండా ముప్ఫై ఒక్క గడియారాలు. అన్నీ నడిచేవే. ఒకటి టిక్కంటే పక్కది టక్కనేది, ఇంకోటి మధ్యలో దూరి గొణిగేది. ఆ గోలలో పాతికేళ్లు కాపురం చేసిన అతని భార్య నజీరా ఓర్పుకి దణ్ణం పెట్టాలి.

పాత గడియారాలు పోగుచేసేవాళ్లు బెజవాడలో ఇంకా ఉన్నారు, లేకేం. వాళ్లకి కావలసినవి జమీందార్ల ఇళ్లలో వేలాడే పెట్టె గడియారాలు. పైన గుర్రం బొమ్మ, పక్కన నగిషీ స్తంభాలు, లోపల లోలకం. ఇమామ్ వాటిని బాగుచేసి పంపేవాడే తప్ప ఒక్కటీ దగ్గర ఉంచుకోలేదు. అతని పిచ్చంతా యాభైల్లో, అరవైల్లో విదేశాల్లో తయారైన గోడ గడియారాల మీద. వంటింటి కోసం చేసిన లేతాకుపచ్చ పింగాణీది ఒకటుండేది. దాని కింద గుడ్డు ఉడికే నిమిషాలు లెక్కపెట్టే బుల్లి డయలు. ఇనప పుల్లల చివర రంగురంగుల గోళీలు గుచ్చినట్టుండేది ఇంకోటి. వంపు తిరిగిన టేకు చెక్క మీద రెండే రెండు ఇత్తడి ముళ్లు, ఇంకేమీ లేనిది మరోటి. వీధిలో వాళ్లకి ఇవేవీ గడియారాల్లా కనిపించేవి కావు. ఇమామ్‌కి మాత్రం మిగతావేవీ కంటికి ఆనేవి కావు.

ఒక మెకానిక్కుకి ఇన్ని ఎలా వచ్చాయయ్యా అంటే, కొని కాదు. ఇంట్లో ఆగిపోయిన గడియారం ఉండకూడదని మన వాళ్ల నమ్మకం. తొంభైల్లో ఊరంతా వాస్తు పిచ్చి పట్టుకుంది చూడండి, అప్పుడు ఆ నమ్మకానికి కొమ్ములొచ్చాయి. నిన్నటిదాకా బంగారంలా ఉన్న ఇళ్లలో మెట్లు పగలగొట్టారు, కిటికీలు మూశారు, బావులు పూడ్చారు. ఆగిన గడియారం గోడ మీద కనబడితే వాస్తు సిద్ధాంతులు పామును చూసినట్టు ఎగిరిపడేవారు. పదిహేను నిమిషాల్లో బాగయ్యేదాన్ని కూడా, "ఇంట్లోంచి తీసుకుపో బాబూ, పుణ్యం ఉంటుంది" అని ఇమామ్ చేతుల్లో పెట్టి చేతులు దులుపుకునేవారు. మైలవరం డాక్టరుగారింటి పింగాణీ గడియారం అలాగే వచ్చింది. కొండపల్లిలో కరెంటు ఉద్యోగుల క్వార్టర్సు నుంచి రెండు అలాగే వచ్చాయి.

ఇవన్నీ వచ్చాయి గానీ ముందు గదిలో గుమ్మానికి ఎదురుగోడ నడిమధ్య ఒక మేకు మాత్రం పదకొండేళ్లుగా ఖాళీగా ఉండిపోయింది.

"ఆ మేకుకి ఎవర్ని ఉరి తీద్దామనండీ?" అనేది నజీరా.

"దానికి రావాల్సింది ఉందిలే."

"ఎప్పుడొస్తుందో! నేను పోయాక నా ఫొటో తగిలించుకుందురుగాని, పనికొస్తుంది."

రావాల్సినది పటమటలో ఉంది. కోటిలింగంగారని ఇరిగేషన్‌లో ఇంజనీరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. పెడనలో సాలెమగ్గం పక్కన పుట్టి పెరిగినవాడు. అరవై ఒకటిలో ట్రైనింగుకని ఆరు నెలలు జర్మనీ పంపిస్తే, వచ్చేటప్పుడు అందరూ కెమెరాలూ రేడియోలూ తెచ్చుకుంటుంటే ఆయన ఒక గడియారాన్ని ఓడలో పసిపిల్లని పట్టుకొచ్చినట్టు ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. మధ్యలో పళ్లెమంత నల్ల డయలు. చుట్టూ మూడడుగుల వెడల్పున కిరణాలు, ఒకటి టేకుది, ఒకటి ఇత్తడిది, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. డయలు మీద ఒక్క అంకె కూడా లేదు.

"అంకెల్లేని గడియారమేంటండీ, టైము ఎలా తెలుస్తుంది?" అని మొదటిసారి వెళ్లినప్పుడు ఇమామ్ అడిగేశాడు. అప్పటికి ఇరవై రెండేళ్లవాడు.

కోటిలింగంగారు నవ్వాడు. "మా నాన్న పడుగు సాగదీసేవాడయ్యా. వందల పోగులు. ఏ పోగెక్కడుందో అంకెలేసి రాసుకునేవాడా? చూపుకి తెలిసేది. ఇదీ అంతే. నువ్వు దీన్ని వారం రోజులు చూడు, తరవాత అంకెలున్న గడియారం చూస్తే ఎందుకివన్నీ రాశారు, నాకు తెలీదనుకున్నారా అని కోపమొస్తుంది."

నిజంగానే కోపమొచ్చింది ఇమామ్‌కి. ఆ రోజు మొదలు అతని కళ్లే మారిపోయాయి.

అది ఎనిమిది రోజుల గడియారం. వారానికోసారి డయలులోని బెజ్జంలో తాళంచెవి పెట్టి పద్నాలుగు తిప్పులు కీ ఇవ్వాలి. ఒకప్పుడు ఇమామ్‌కి ఇలా ఆదివారం ఆదివారం వెళ్లి కీ ఇచ్చి వచ్చే ఇళ్లు ఇరవై రెండుండేవి. సైకిలు మీద పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి ఊరు చుట్టేసేవాడు. బ్యాటరీ గడియారాలు వచ్చాక ఇళ్లు ఒక్కొక్కటే రాలిపోయాయి. తొంభై ఎనిమిది నాటికి మిగిలింది పటమట ఇల్లొక్కటే. కోటిలింగంగారు పోయి ఏడేళ్లయింది. ఆయన భార్య చౌడేశ్వరమ్మ ఉంది. పిల్లలు లేరు.

చౌడేశ్వరమ్మ బాత్‌రూములో జారిపడి తుంటి విరిగాక, చెల్లెలి కొడుకు ఉమామహేశ్ భార్య నాగవేణితో సహా వచ్చి ఆ ఇంట్లో చేరాడు. వాళ్లకి వన్‌టౌన్‌లో బట్టల కొట్టు. మంచివాళ్లే, పెద్దావిణ్ణి బాగానే చూసుకున్నారు. కాకపోతే ఉమామహేశ్‌కి వాస్తు పూనకం. వస్తూనే ఆవిడ గదికి పడమటి కిటికీ ఉండకూడదని ఇటుకలు పేర్పించి మూయించాడు. అప్పట్నించి ఆ గదిలో పగలూ రాత్రీ ట్యూబులైటే. బయట ఎండో వానో తెలీదు. చెవులు మందగించాయి కాబట్టి వీధి చప్పుడూ వినపడదు. మంచం మీంచి ఎదురుగా కనిపించే కిరణాల గడియారమే ఆవిడకి పొద్దూ, సాయంత్రమూ, లోకమూ.

ఆవిడకి షుగరు. మధ్యాహ్నం పన్నెండింటికి మాత్ర, సరిగ్గా అరగంటకి అన్నం. మాత్రకీ అన్నానికీ మధ్య తేడా వస్తే ఊరుకోనని డాక్టరు ఒకసారి గట్టిగా కేకలేశాడు. నలభై ఏళ్లు ఇంజనీరుగారితో గడియారం ముల్లు చూసి బతికిన మనిషికి అది వేదవాక్కు. పొద్దున్న ఎనిమిదింటికి నాగవేణి హాట్‌బాక్సులో అన్నం, మాత్ర, నీళ్లు మంచం పక్క స్టూలు మీద పెట్టి, ఫోను చేతికందేలా జరిపి, భర్తతో కొట్టుకి వెళ్లేది. మిగతాది గడియారం చూసుకునేది.

సెప్టెంబరులో ఒక ఆదివారం ఇమామ్ కీ ఇచ్చి దిగుతుంటే ఉమామహేశ్ వాకిట్లో ఆపాడు.

"ఇమామ్ గారూ, ఇంక ఒకటి రెండు వారాలేనండీ మీకీ శ్రమ. దసరా వెళ్లగానే మైలవరంలో మా బావమరిది గృహప్రవేశం. ఇదిగో ఈ గడియారం వాడికిచ్చేస్తున్నాం."

ఇమామ్ గదివైపు వెనక్కి తిరిగి చూశాడు. "ఆయనకి గడియారాలంటే ఇష్టమాండీ?"

"గడియారం ఎవడిక్కావాలండీ! మధ్యలో అది పీకేసి అద్దం బిగిస్తాడంట. చుట్టూ కిరణాలకి బంగారు రంగేస్తే హాల్లో ఝామ్మని ఉంటుంది. పెద్దమ్మకి క్వార్ట్జు గడియారం కొన్నాం లెండి, అంకెలు పెద్దపెద్దవి."

ఆ కక్కలేని మింగలేని బాధ ఇమామ్ ఎవరికి చెప్పుకుంటాడు? "నాకిచ్చెయ్యండి బాబూ, మీకు అద్దాలది నేనే చేయించి తెస్తాను" అన్నాడు.

"అయ్యో, నడిచే గడియారం ఊరికే బయటివాళ్లకి ఇవ్వకూడదండీ, ఇంటి కాలం ఇచ్చేసినట్టట. సిద్ధాంతిగారు మరీ మరీ చెప్పారు. ఆగిపోయిందనుకోండి, అప్పుడు ఒక్క పూట కూడా ఇంట్లో ఉంచను, కబురుపెట్టి మీ చేతుల్లో పెడతాను" అని నవ్వాడు ఉమామహేశ్. మాటవరసకి అన్నాడు పాపం.

ఆ మాట ఇమామ్ చెవిలో ఇల్లు కట్టుకుంది. వారమంతా అదే పోరు. ఏ గడియారం విప్పినా అదే. ఇరవై ఏళ్లు ఒక్క ఆదివారం తప్పకుండా, జ్వరమొచ్చినా, రంజాన్ ఉపవాసంలో నాలుక పిడచకట్టినా, వెళ్లి ఆగకుండా చూసింది తను. అద్దం బిగించుకోవడానికా? ఎలాగూ ఆ గోడ మీంచి పోయేదే కదా! నాలుగు రోజులు ముందు ఆగితే ఎవరి సొమ్మేం పోయింది? సాయంత్రం కొట్టు నుంచి వచ్చి చూస్తారు, హడలిపోయి కబురుపెడతారు, కొత్తది అప్పటికప్పుడు తగిలిస్తారు. అలా తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. మధ్యాహ్నం పన్నెండున్నర సంగతి అతనికి తట్టలేదు. తట్టలేదనే నేనూ నమ్ముతాను. నమ్మకపోతే ఈ కథ చెప్పడానికి నాకు నోరు రాదు.

తరవాతి ఆదివారం వెళ్లాడు. స్టూలెక్కి తాళంచెవి పెట్టాడు. పద్నాలుగు తిప్పాల్సినవాడు నాలుగు తిప్పి ఆపాడు. మిగిలిన పదీ ఉత్తిగా, తాళంచెవి పట్టుకోకుండా చెయ్యి ఆడించాడు. చౌడేశ్వరమ్మ మంచం మీంచి ఆ చెయ్యివంకే చూస్తోంది.

"అయిందా ఇమామూ?"

"అయిందమ్మగారూ."

"ఇంక వారానికి బెంగ లేదు. కూర్చో, నాగవేణి కాఫీ ఇస్తుంది."

కాఫీ తాగకుండానే వచ్చేశాడు. నాలుగు తిప్పులు రెండు రోజులు. పాతది మిగిలింది ఒక రోజు. బుధవారం ఆగాలి.

బుధవారమే ఆగింది.

సాయంత్రం ఏడింటికి కబురొచ్చింది. కొట్లో పనిచేసే ఏసుపాదం స్కూటరు మీద వచ్చి, "పటమట అమ్మగారు పోయారండీ, మిమ్మల్ని రమ్మన్నారు" అన్నాడు. ఇమామ్ సైకిలు ఎలా తొక్కాడో, బందరు రోడ్డు ఎలా దాటాడో అతనికే తెలీదు.

హాల్లో చాప మీద పడుకోబెట్టారు. తల దగ్గర దీపం. చుట్టాల్లో ఒకాయన గుమ్మంలోనే చెప్పేశాడు. మాత్ర వేసుకుందట, అన్నం ముట్టుకోలేదట. షుగరు పడిపోయి స్పృహ తప్పిందట, డాక్టరు వచ్చేసరికే అంతా అయిపోయిందట. హాట్‌బాక్సు మూత కూడా తియ్యలేదు. గదిలో గడియారం పన్నెండూ పది దగ్గర ఆగి ఉంది.

నాగవేణి గోడకి జారగిలబడి ఉంది. ఇమామ్‌ని చూడగానే లేచి వచ్చింది. మొహమంతా వాచిపోయింది.

"ఫోను చేశారండీ ఇమామ్ గారూ, కొట్టుకి. ఒంటిగంటన్నర దాటింది. బేరంలో ఉన్నాను, పది చీరలు పరిచి ఉన్నాయి. 'అమ్మాయ్, ఆకలేస్తోందే, ఇంకా పన్నెండున్నర కాలేదా?' అన్నారు. నేను... గడియారం చూసుకోండి అత్తయ్యగారూ అని పెట్టేశానండీ. గడియారం చూసుకోండి అన్నాను!"

"పొద్దున్న దసరా శుభ్రమని బూజులు దులిపింది" అన్నాడు ఉమామహేశ్ వెనకనుంచి, పళ్లు కొరుకుతూ. "కర్ర తగిలించి ఉంటుంది. అందుకే ఆగింది. పైగా ఫోన్లో ఈ నిర్వాకం."

"తగిలిందో లేదో నాకు గుర్తులేదండీ" అంది నాగవేణి. అందరూ వింటున్నారు. ఇమామ్ మొహంలోకి చూస్తూ అడిగింది. "ఆదివారం మీరు నిండుగా కీ ఇచ్చారు కదండీ?"

అదే అదను. ఆ ఒక్క మాటకి నిజం చెప్పి ఉంటే ఏమయ్యేదో. కొట్టేవాళ్లేమో, పోలీసులకి పట్టించేవాళ్లేమో. రెప్ప వెయ్యకుండా చూస్తున్న ఆ పిల్లకి ఇమామ్ జవాబు చెప్పాడు.

"ఇచ్చానమ్మా."

నాగవేణి తల దించుకుంది. ఉమామహేశ్ విసురుగా గదిలోకి వెళ్లి, గడియారాన్ని మేకు మీంచి లాగి, చౌడేశ్వరమ్మ పాత చీరలో చుట్టి తెచ్చాడు. "ఈ క్షణమే పట్టుకుపోండి. మళ్లీ నా కంట పడకూడదు" అని ఇమామ్ చేతుల్లో పెట్టాడు.

సైకిలు రిక్షా వెనక కట్టించి, గడియారాన్ని ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాడు. నజీరా చీర విప్పి చూసి, "యా అల్లా, వచ్చేసిందే!" అని సంబరపడబోయి, మొగుడి మొహం చూసి ఆగిపోయింది. పదకొండేళ్ల మేకుకి గడియారం ఎక్కింది. ఇమామ్ కీ ఇవ్వలేదు. ఇంట్లో ముప్ఫై ఒకటి నడుస్తుంటే అదొక్కటి పన్నెండూ పది దగ్గర నిలబడి ఉండేది. "ఒక్కసారి తిప్పరాదండీ, ఆగిన గడియారం ఇంట్లో ఉండకూడదంటారు" అని నజీరా రెండు మూడుసార్లు అంది. అతను విననట్టు పనిలో పడేవాడు. భోజనానికి గోడవైపు వీపు పెట్టి కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు. ఆదివారాలు ఏం చెయ్యాలో తోచక సైకిలు తుడుచుకునేవాడు.

ఆరు నెలలు గడిచాయి. ఎండలు మొదలవుతుండగా ఒక శుక్రవారం పదకొండవుతుంటే ఆటో వచ్చి ఆగింది. నాగవేణి ఒక్కతే దిగింది. మనిషి సగమైపోయింది. గోడ మీద కిరణాలు చూడగానే గుమ్మంలోనే నిలబడిపోయింది. నజీరా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూర్చోబెట్టింది.

"మా ఆయన నాతో మాట్లాడి ఆరు నెలలైందండీ" అంది మంచినీళ్లు తాగి. "చుట్టాలు శుభకార్యాలకి పిలవడం మానేశారు. ముసలమ్మని చంపిందంటున్నారు, నా ముందే. నేను కర్ర తగిలించానేమో, నాకు తెలీదు. నిద్రపడితే ఆ కర్రే కనబడుతోంది. ఇమామ్ గారూ, మీరొక్కరే చెప్పగలరు. దాన్ని విప్పి చూడండి. బూజుకర్ర తగిలితే ఆగుతుందా, ఇంకేదన్నా ఉందా? ఏదైనా సరే, ఉన్నదున్నట్టు చెప్పండి. తేలిపోవాలి నాకు."

"కూర్చోండమ్మా, చూస్తాను" అన్నాడు ఇమామ్.

గడియారాన్ని దింపి లోపలి గదిలోకి తీసుకెళ్లి తలుపు దగ్గరగా వేశాడు. బల్ల మీద బోర్లించి మరలు విప్పాడు. లోపల ముప్ఫై ఏడేళ్ల నాటి యంత్రం, నిన్న చేసినట్టు మెరుస్తోంది. ఎక్కడా ఒక్క లోపం లేదు. నిజం చెప్పాలనే కూర్చున్నాడతను. బయటికెళ్లి, నేను కీ ఇవ్వలేదమ్మా, దీనికి ఆశపడి ఇవ్వలేదు అనాలి. రెండుసార్లు లేచాడు. రెండుసార్లూ తలుపుదాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. చివరికి పట్టకారు తీసుకున్నాడు. ఇరవై ఏళ్లు తను కీ ఇచ్చిన స్ప్రింగుని బయటికి లాగి, రెండు చేతులా బిగించి, విరిచేశాడు. అది విడిపోతూ అరచెయ్యి అడ్డంగా కోసింది.

చేతికి గుడ్డ చుట్టుకుని, ముక్కలు పళ్లెంలో పెట్టుకుని బయటికొచ్చాడు.

"చూడండమ్మా. స్ప్రింగు తెగిపోయింది. పాతబడి దానంతటదే తెగింది. మీ కర్ర తగిలితే ఇలా కాదు. ఎవరూ ముట్టుకోకపోయినా ఆ రోజు ఆగేదే."

నాగవేణి పళ్లెం మీదికి వంగి ఆ రెండు ముక్కల్నీ చాలాసేపు చూసింది. తరవాత వెక్కి వెక్కి ఏడ్చింది. ఆరు నెలల ఏడుపూ అక్కడే ఏడ్చేసింది.

"అయితే నేను కాదన్నమాట" అంది కొంగుతో మొహం తుడుచుకుని. "ఈ ముక్కలు నాకిస్తారా? మా ఆయనకి చూపిస్తాను."

ఇచ్చాడు. రుమాల్లో జాగ్రత్తగా మూటకట్టుకుంది. వెళ్తూ వెళ్తూ రెండు చేతులూ జోడించింది. "మీ మేలు మర్చిపోలేనండీ. అత్తయ్యగారు ఊరికే అనేవారు కాదు, ఇమామ్ చెయ్యి పడితే వారానికి బెంగ లేదని."

ఆటో వెళ్లిపోయింది. నజీరా లోపలికి వెళ్లి, బల్ల కింద పడిన చిన్న స్ప్రింగు తునక ఒకటి తీసుకుని వచ్చింది. పాతికేళ్లు గడియారాలవాడితో కాపురం చేసిన మనిషి. పాతబడి తెగిన స్ప్రింగు అంచు నల్లబడి ఉంటుందని ఆవిడకి ఒకరు చెప్పనక్కర్లేదు. దీని అంచు తళతళలాడుతోంది. తునక వంక చూసింది, మొగుడి చేతికున్న నెత్తురు గుడ్డ వంక చూసింది. ఖాళీ అయిన మేకు వంక చూసింది.

తరవాత చాప వేసి, కంచం పెట్టి పిలిచింది.

"రండి, అన్నం తినండి. పన్నెండున్నరయింది."

ఇమామ్ గోడ వంక తలెత్తాడు. ముప్ఫై ఒక్క గడియారాలూ అదే చెబుతున్నాయి. అతను కూర్చున్నచోటు నుంచి లేవలేదు.